శివారులో ఇల్లు కొనాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నగరం మధ్యలోని అద్దె ఇల్లు వదిలి శివారులో సొంతింటికి వచ్చి పదకొండేళ్లు దాటింది. అప్పటి నుంచి తెలిసినవాళ్లు ఇల్లు చూడటానికి వెళ్తూ నన్ను తోడు రమ్మంటున్నారు. ఎవరు పిలిచినా దారిలో అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. నేను చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. చట్టాలు, పన్నులు దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి వాటి జోలికి ఎక్కువగా వెళ్లలేదు.

ముందే ఒక మాట. వంటగది, గచ్చు, రంగులు, తలుపులు నచ్చకపోతే తర్వాత మార్చుకోవచ్చు. ఇల్లు పల్లంలో ఉందా మెరక మీద ఉందా, ముందున్న రోడ్డు ఎలాంటిది, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, పనికి ఎంత దూరం అన్నవి ఎంత ఖర్చు పెట్టినా మారవు. కొనేవాళ్లు మాత్రం వంటగదిలో అరగంట గడిపి, వీధిలో రెండు నిమిషాలు కూడా నిలబడరు. ఈ పేజీలో చాలా జవాబులు మిమ్మల్ని మళ్లీ ఆ వీధిలోకే పంపిస్తాయి.

శివారు జీవితం ఎవరికి సరిపోతుంది?

ఇంటి దగ్గర ఎక్కువ సమయం గడిపేవారికి బాగా సరిపోతుంది. చిన్నపిల్లలున్నవారు, ఇంటి నుంచే పని చేసేవారు, మొక్కలంటే ప్రాణం పెట్టేవారు ఇక్కడికి వచ్చి సంతోషంగా ఉండటం చూశాను. రోజూ సాయంత్రం నలుగురిని కలవాలని, కాలినడకన పుస్తకాల దుకాణానికో నాటకానికో వెళ్లాలని కోరుకునేవారు మాత్రం ఏడాది తిరిగేసరికి దిగులు పడతారు. ఇంట్లో వాహనం నడపలేని మనిషి ఉంటే మొదట ఆ మనిషి వైపు నుంచి ఆలోచించండి. మీకు పది నిమిషాల ప్రయాణం వారికి ప్రతిసారీ ఎవరినో అడిగి, వాళ్లకు కుదిరేదాకా ఎదురుచూసే పని అవుతుంది.

దీని వెనుక కొంత చరిత్ర ఉంది. 1898లో ఇంగ్లండ్‌లో ఎబెనెజర్ హోవార్డ్ ఉద్యాన నగరం అనే ఆలోచనను ముందుకు తెచ్చాడు. ఇళ్లు, కార్ఖానాలు, దుకాణాలు, చుట్టూ పొలాలు అన్నీ నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలన్నది ఆయన ఊహ. 1903లో లెచ్‌వర్త్ పట్టణం అలా మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1947లో న్యూయార్క్ సమీపంలో లెవిట్‌టౌన్ నిర్మాణం మొదలయ్యాక ఎక్కువగా వ్యాపించిన నమూనా వేరు. అందులో ఇల్లు ఒక చోట, పని ఇంకో చోట, మధ్యలో కారు. మీరు చూస్తున్న పేట ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉందో గమనించండి. ఇంటి నుంచి పది నిమిషాలు, అంటే దాదాపు 800 మీటర్లు నడిస్తే పాలు, మందులు, బస్సు దొరుకుతాయా? అందరూ ముందు గదులు లెక్కపెడతారు. నేను మొదట దీన్ని లెక్కపెడతాను.

పనికి ఎంత దూరమైతే భరించగలం?

ఎవరి ఓపిక వారిది. అయినా లెక్క వేసుకోకుండా ఒప్పుకోవద్దు. వెళ్లడానికి గంటంబావు, రావడానికి గంటంబావు అనుకోండి. ఏడాదికి 230 పనిదినాలైతే 575 గంటలు. పగలూ రాత్రీ కలిపి లెక్కిస్తే 24 రోజులు దారిలోనే గడుస్తాయి. ఇటలీకి చెందిన శాస్త్రవేత్త చేసారే మార్కెట్టి 1994లో ఒక విషయం వాదించాడు. కాలం ఏదైనా, వాహనం ఏదైనా మనుషులు సగటున రోజుకు గంట సేపే ప్రయాణానికి కేటాయిస్తూ వచ్చారట. రాకపోకలు రెండూ కలిపి గంట. అంతకు రెట్టింపు దూరం ఎంచుకుంటే, ఆ సమయం మీ నిద్ర నుంచో పిల్లల దగ్గర నుంచో వస్తుంది.

పటంలో కనిపించే సమయాన్ని నమ్మకండి. అడ్వాన్సు ఇవ్వకముందే ఒక మామూలు పనిరోజు ఉదయం ఆ వీధి నుంచి మీ కార్యాలయానికి, సాయంత్రం కార్యాలయం నుంచి ఆ వీధికి నిజంగా ప్రయాణించి చూడండి. వాన పడే రోజు కూడా ఒకసారి వెళ్లగలిగితే మరీ మంచిది.

పెద్ద రోడ్డు వేస్తున్నారు, రైలు మార్గం వస్తోంది అంటున్నారు. దాన్ని నమ్మి కొనవచ్చా?

ఈ రోజు ఉన్నదాన్ని చూసి కొనండి. రాబోయేదాన్ని చూపించి ఎక్కువ ధర అడుగుతున్నారంటే, ఆ సౌకర్యం రాకముందే మీ చేత దాని ధర కట్టిస్తున్నారని అర్థం. పనులు నిజంగా జరుగుతుంటే వెళ్లి కళ్లారా చూడండి. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. వెడల్పు చేసిన రోడ్డు ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు. నగరాల్లోని వేగ రహదారులు రద్దీ వేళల్లో మళ్లీ పూర్తిగా నిండిపోతాయని ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే రాశాడు. రోడ్డు బాగుందని దూరంగా ఇల్లు కొనేవాళ్లు పెరుగుతారు, వాళ్ల వాహనాలే ఆ రోడ్డును నింపుతాయి.

ఇల్లు చూడటానికి ఎప్పుడు వెళ్లాలి?

కనీసం నాలుగుసార్లు వెళ్లండి. పనిరోజు ఉదయం, పనిరోజు రాత్రి, సెలవు రోజు, వాన పడుతున్నప్పుడు.

ఇప్పుడు ఉంటున్న ఈ ఇంటిని కొనేముందు నేను చూసింది రెండుసార్లే. రెండూ ఆదివారాలే, రెండూ ఉదయం పది గంటలకే. వీధి ఎంత ప్రశాంతంగా ఉందో చూసి మురిసిపోయాను. మధ్యవర్తి కూడా, వెనుక దారిలో పెద్దగా బండ్లు తిరగవని చెప్పాడు. సామాను దించుకున్న మర్నాడు సోమవారం. తెల్లవారుజామున నాలుగున్నరకు పడకగది కిటికీ అద్దం సన్నగా మోగుతుంటే మెలకువ వచ్చింది. మంచం పక్కన పెట్టుకున్న గ్లాసులో నీళ్లు చిన్న చిన్న వలయాలుగా కదులుతున్నాయి. వెనుక దారిలో సరుకు లారీలు ఒకదాని వెనుక ఒకటి పోతున్నాయి. ఆ దారి దూరంలో ఉన్న గిడ్డంగులకు దగ్గరి దారి అని, ఆదివారం మాత్రమే వాటికి సెలవని తర్వాత తెలిసింది. పడకను ముందు గదికి మార్చుకుని, కిటికీలకు రెండు పొరల అద్దాలు వేయించాక నిద్ర కుదిరింది. ఒక్క మంగళవారం రాత్రి ఆ వీధిలో కారు ఆపుకుని కూర్చుని ఉంటే ఆ ఖర్చంతా బేరంలో తగ్గించుకునేవాడిని.

శబ్దం గురించి కొన్ని లెక్కలు తెలిస్తే మేలు. శబ్దం 10 డెసిబెల్‌లు పెరిగితే చెవికి దాదాపు రెట్టింపుగా వినిపిస్తుంది. రద్దీగా ఉండే రోడ్డు నుంచి రెట్టింపు దూరం జరిగినా తగ్గేది మూడు డెసిబెల్‌లు మాత్రమే. అందుకే ఒక ఇల్లు వెనక్కి ఉన్నంత మాత్రాన నిశ్శబ్దం రాదు. మధ్యలో అడ్డంగా ఒక భవనం ఉంటేనే గట్టి తేడా కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపా కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో రాత్రివేళ రోడ్డు శబ్దం సగటున 45 డెసిబెల్‌ల లోపే ఉండాలని సూచించింది. ఫోనులో కొలిచే యాప్‌లు కచ్చితంగా ఉండకపోయినా, రెండు ఇళ్లను పోల్చుకోవడానికి పనికొస్తాయి.

ముంపు ప్రమాదం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

దీని గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మోసపోతే దిద్దుకోవడానికి దారి ఉండదు.

మొదట ఒక మాటను సరిగ్గా అర్థం చేసుకోవాలి. వందేళ్ల వరద అంటే వందేళ్లకు ఒకసారి వచ్చేదని చాలామంది అనుకుంటారు. ఏ ఏడాదిలోనైనా రావడానికి ఒక శాతం అవకాశం ఉన్న వరద అని దాని అర్థం. నిరుడు వచ్చింది కదా అని ఈ ఏడాది ఆ అవకాశం తగ్గదు. మీరు 20 ఏళ్ల అప్పు తీసుకుంటే, ఆ అప్పు తీరేలోపు అలాంటి వరద కనీసం ఒక్కసారైనా రావడానికి దాదాపు 18 శాతం అవకాశం ఉంటుంది. 30 ఏళ్లకైతే 26 శాతం. నాలుగింట ఒక వంతు కన్నా ఎక్కువ.

ముంపు పటాలు ప్రభుత్వం దగ్గర ఉంటే తప్పక చూడండి. అవి లేకపోయినా నేలే చాలా చెబుతుంది. వీధి మధ్యలో నిలబడి, వాన నీరు ఎటు పోతుందో ఊహించండి. ఇంటి గడప రోడ్డు కంటే ఎత్తులో ఉందా? రోడ్డు మీద పొర మీద పొర వేస్తూ పోయిన చోట పాత ఇళ్లు ఏటికేడు పల్లంలోకి దిగుతాయి. ప్రహరీ గోడల అడుగు భాగం చూడండి. మోకాలెత్తులో గోడ పొడవునా ఒకే వరుసలో మట్టి రంగు గీత కనిపిస్తే, అది నీళ్లు నిలిచిన మట్టం. కొత్తగా రంగు వేసిన గోడ మీద ఇది కనిపించదు కాబట్టి పక్కింటి గోడ, కరెంటు స్తంభం, ఎదుటి చెట్టు మొదలు చూడండి. వీధి పేరులో ఏ భాషలోనైనా సరే వాగు, చెరువు, కాలువ అనే అర్థమున్న మాట ఉంటే, ఒకప్పుడు అక్కడ నీళ్లుండేవేమో వాకబు చేయండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు చూసుకునే వీలుంది. ఇరవై ఏళ్ల కిందటి చిత్రంలో మీ స్థలం ఎలా ఉందో అందులో చూస్తే చాలా అనుమానాలు తీరతాయి.

చివరగా, ఆ వీధిలో చాలాకాలంగా ఉంటున్నవారిని అడగండి. ఇక్కడ మునుగుతుందా అని అడిగితే లేదనేస్తారు, ఎవరి ఇంటి విలువ వారికి ముఖ్యం కదా. పెద్ద వాన పడ్డప్పుడు బండి ఎక్కడ నిలుపుతారు అని అడిగి చూడండి.

నీటి సరఫరా, మురుగు విషయంలో ఏం అడగాలి?

నీళ్లు గొట్టాల ద్వారా వస్తాయా, బోరు నుంచా, ట్యాంకర్ల ద్వారానా? రోజులో ఎన్ని గంటలు? వేసవిలోనూ అన్ని గంటలే వస్తాయా? చివరి ప్రశ్న మరవకండి. ఇల్లు చూసేటప్పుడు పై అంతస్తులోని కొళాయిలన్నీ ఒకేసారి తిప్పి, ధార ఎంత సన్నబడుతుందో చూడండి. బోరు నీటిని పరీక్షకు పంపండి. ఆ ఖర్చు ఇంటి ధర ముందు ఏపాటిది?

మురుగు నీరు ఊరి కాలువలో కలుస్తుందో, ఇంటి సెప్టిక్ ట్యాంకులోకి పోతుందో కనుక్కోండి. ట్యాంకు అయితే మామూలు కుటుంబానికి మూడు నుంచి ఐదేళ్లకు ఒకసారి తోడించాలి. చివరిసారి ఎప్పుడు తోడించారు, మూత ఎక్కడుంది అని అడిగితే యజమాని తడుముకున్నాడంటే, అది ఎన్నేళ్లుగా అలాగే ఉందో మీకు అర్థమవుతుంది.

ఇంటి లోపల దేన్ని జాగ్రత్తగా చూడాలి?

చెమ్మ, పగుళ్లు, పైకప్పు, తీగలు. మిగతావన్నీ వీటి తర్వాతే.

ఒక స్నేహితురాలి కోసం చూసిన ఇంట్లో అన్ని గదులకూ కొత్త రంగు మెరుస్తోంది. పడకగదిలో ఒక బరువైన చెక్క బీరువా మాత్రం గోడకు ఆనించి ఉంది. యజమాని అనుమతితో దాన్ని జానెడు పక్కకు జరిపాం. వెనుక గోడ మీద నేల నుంచి నడుము ఎత్తు వరకు రంగు పెచ్చులుగా లేచి ఉంది. వేలితో తాకితే గిలాబు పొడిగా రాలింది. ఆ పైన, తెల్లగా బూజులా, అడ్డంగా ఒక గీత. అది బూజు కాదు, ఉప్పు. నేలలోని తడి గోడలోకి ఎగబాకి, ఆరిపోతూ వదిలిన ఉప్పు. ఇలా నేల నుంచి ఎక్కే చెమ్మ సాధారణంగా మీటరు ఎత్తు దాటదు. మచ్చ పైనుంచి కిందికి దిగుతుంటే అనుమానం పైకప్పు మీదకో గొట్టాల మీదకో మళ్లాలి. రంగు వాసన ఘాటుగా ఉన్న ఇంట్లో గదికో మూల ముక్కు దగ్గరపెట్టి వాసన చూడటానికి మొహమాటపడకండి.

పగుళ్లలో వెంట్రుకవాసి సన్నటివి చాలా ఇళ్లలో ఉంటాయి, కంగారు అక్కర్లేదు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయేవి, ఇటుకల వరుస వెంట మెట్లు మెట్లుగా దిగేవి, ఒక చివర సన్నగా మరో చివర వెడల్పుగా ఉండేవి పునాది కుంగుతోందనడానికి సూచనలు కావచ్చు. వెడల్పు ఐదు మిల్లీమీటర్లు దాటితే నిర్మాణ ఇంజనీరును పిలవకుండా ముందుకు వెళ్లవద్దు. తలుపులు వాటంతటవే తెరుచుకోవడం, మూసుకోవడం కూడా గమనించండి. ఒక గోలీ తెచ్చుకుని నేల మీద వదిలితే అది ఎటు దొర్లుతుందో కనిపిస్తుంది.

పాత ఇల్లయితే తీగలు ఎప్పుడు మార్చారో, ఎర్తింగ్ ఉందో లేదో అడగండి. పాత రంగుల్లో సీసం, పాత రేకుల్లో ఆస్బెస్టాస్ అనే హానికరమైన నార ఉండే అవకాశం ఉంది. వాటిని గీకడం, పగలగొట్టడం మీరు స్వయంగా చేయకండి. చిన్నపిల్లలున్న ఇల్లయితే అవి ఉన్నాయో లేవో పరీక్ష చేయించడం తప్పనిసరి.

మీరు ఎంత చూసినా, డబ్బిచ్చి సొంతంగా ఒక నిపుణుణ్ని పిలిపించండి. అమ్మేవారో బ్యాంకో పంపిన మనిషి మీ కోసం వచ్చినవాడు కాడు.

చెప్పిన విస్తీర్ణం నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

టేపు తీసుకువెళ్లి కొలవండి. గోడల మందం, బాల్కనీ, మెట్ల దారి, వాహనాలు నిలిపే చోటు కలిపి చెబుతున్నారేమో అడగండి. రెండు ఇళ్ల ధరలు పోల్చేటప్పుడు గోడల మధ్య కాలు పెట్టగలిగే చోటునే రెండింటికీ లెక్కలోకి తీసుకోండి.

ఎండ, వెలుతురు ఎంత ముఖ్యం?

చాలా ముఖ్యం, ఎందుకంటే ఇంటి ముఖాన్ని తిప్పలేం. కర్కట రేఖకు ఉత్తరాన ఉండే ప్రాంతాల్లో మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపే ఉంటాడు. మకర రేఖకు దక్షిణాన ఉత్తరం వైపు ఉంటాడు. ఆ రెంటి మధ్య ఏడాదిలో రెండు వైపులా కనిపిస్తాడు. వేడి ఉన్న చోట ఎక్కడైనా ఒకేలా ఇబ్బంది పెట్టేది పడమటి కిటికీ. సాయంత్రపు ఎండ ఏటవాలుగా లోపలికి చొచ్చుకు వస్తుంది కాబట్టి పైన ఎంత చూరు దించినా ఆగదు. వేడి ప్రాంతాల్లో పడమట పెద్ద అద్దాలున్న పడకగది రాత్రి దాకా కాగుతూనే ఉంటుంది. చల్లటి ప్రాంతంలో అదే కిటికీ హాయి కావచ్చు. ఇంటి పడమర వైపు ఎదిగిన చెట్టు ఉంటే దాన్ని ఇంటి ఆస్తుల్లో ఒకటిగా లెక్కవేయండి. అంత చెట్టు పెరగాలంటే ఇరవై ఏళ్లు పట్టవచ్చు. నీడ ఇవ్వడమే కాదు, ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది.

పక్కన ఖాళీ స్థలం ఉంది, గాలి బాగా వస్తోంది. అది మంచిదే కదా?

ఆ స్థలం మీది కాకపోతే ఆ గాలి కూడా మీది కాదు. దాని యజమాని ఎవరు, నగర ప్రణాళికలో దాన్ని దేనికి కేటాయించారు, ఎన్ని అంతస్తులకు అనుమతి ఉంది అన్నవి స్థానిక సంస్థ కార్యాలయంలో తెలుసుకోండి. ఉద్యానం అని చూపించిన చోటు ప్రణాళికలోనూ ఉద్యానంగానే ఉందో లేదో పటంలో వేలు పెట్టి చూసుకోండి.

కొత్త ఇల్లు మేలా, పాతదా?

నాకు పదేళ్లు దాటిన ఇల్లే ఇష్టం. కుంగాల్సింది ఉంటే ఈపాటికి చాలావరకు కుంగి ఉంటుంది, కారాల్సింది ఎక్కడో కారి ఉంటుంది, చుట్టుపక్కల ఎవరున్నారో తెలిసిపోయి ఉంటుంది. కొత్త ఇంట్లో తీగలు, గొట్టాలు కొత్తవి, వేడి లోపలికి రాకుండా మెరుగైన ఏర్పాట్లు ఉండవచ్చు. కానీ పేట పూర్తిగా స్థిరపడేదాకా దుమ్ము, శబ్దం, సగం వేసిన రోడ్లు భరించాలి. ఇంకా కట్టని ఇంటికి డబ్బు కడుతుంటే మాత్రం, పని ఏ దశకు వస్తే ఎంత కట్టాలో, ఆలస్యమైతే ఏం చెల్లిస్తారో ఒప్పందంలో రాయించుకోండి. నోటి మాటలు వద్దు.

అద్దె కట్టడం కన్నా కొనడమే లాభం అంటారు. నిజమేనా?

ఎప్పుడూ నిజం కాదు. అద్దె తిరిగి రాదని అందరూ అంటారు. కొన్న ఇంట్లోనూ తిరిగి రానివి ఉన్నాయి. అప్పు మీద వడ్డీ, ఆస్తి పన్ను, బీమా, మరమ్మతులు, కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ అయ్యే ఖర్చులు. ఏడాదికి ఇవన్నీ కలిపి, అదే ఇంటికి కట్టే అద్దెతో పోల్చండి. మరమ్మతులకు ఏటా ఇంటి విలువలో ఒక శాతం పక్కన పెట్టడం చాలాచోట్ల వాడే మోటు లెక్క. పాత ఇంటికి అది చాలకపోవచ్చు. ఐదారేళ్లలోపు ఊరు మారే అవకాశం ఉంటే అద్దెకే ఉండండి. అక్కడే ఉండాలని నిశ్చయించుకున్నవారికి సొంతిల్లు ఇచ్చే నిబ్బరాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. నెలాఖరున ఖాళీ చేయమంటారేమో అన్న భయం లేకుండా గోడకు మేకు కొట్టుకోవడం ఎంత హాయో నాకు తెలుసు.

ఒక సలహా. కొనాలనుకున్న పేటలోనే ముందు ఆరు నెలలు అద్దెకు ఉండగలిగితే ఉండండి.

ఎంత అప్పు తీసుకోవచ్చు? ఎన్నేళ్లకు?

బ్యాంకు ఎంత ఇస్తుందన్నదాన్ని బట్టి నిర్ణయించకండి. ఒక నెల జీతం రాకపోయినా, ఇంట్లో ఒకరి ఉద్యోగం పోయినా ఎన్ని నెలలు వాయిదా కట్టగలరో చూసుకుని నిర్ణయించండి. ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా, ఉన్నదంతా ఊడ్చి ముందస్తు సొమ్ముగా కట్టేయడం నేను ఒప్పుకోను.

లెక్క చూద్దాం. అప్పు 100 అనుకోండి, వడ్డీ ఏడాదికి 8 శాతం. 20 ఏళ్లకు తీసుకుంటే మొత్తం కట్టేది దాదాపు 201. 30 ఏళ్లకైతే 264. నెలవారీ వాయిదా తగ్గేది మాత్రం సుమారు 12 శాతమే. 20 ఏళ్ల అప్పులో మొదటి వాయిదాలో దాదాపు 80 శాతం వడ్డీకే పోతుంది, అసలులో సగం తీరేసరికి పదమూడున్నర ఏళ్లు గడుస్తాయి. ఇది చూసి చాలామంది నివ్వెరపోతారు. బ్యాంకు మోసమేమీ లేదు, మిగిలిన అసలు మీద వడ్డీ లెక్కించే పద్ధతే అంత. మీరు చేయగలిగింది కూడా అందులోనే ఉంది. ఏటా ఒక్క వాయిదా అదనంగా అసలులోకి కడితే అదే 20 ఏళ్ల అప్పు 17 ఏళ్లలోపే తీరిపోతుంది. ముందే కట్టినందుకు జరిమానా ఉందేమో సంతకానికి ముందు అడగండి.

వడ్డీ రేటు మారే పద్ధతిలో అప్పు తీసుకుంటే ఇంకో జాగ్రత్త. రేటు 8 నుంచి 9కి పెరిగితే వాయిదా దాదాపు ఏడున్నర శాతం పెరగాలి. వాయిదా పెంచకుండా గడువు పొడిగిస్తే, 20 ఏళ్ల అప్పు 25 ఏళ్లు దాటుతుంది. నెలకు కట్టేది మారలేదు కదా అని చాలామంది బ్యాంకు పంపే ఆ ఉత్తరాన్ని చదవకుండా పక్కన పడేస్తారు. మీరు చదవండి.

కాగితాల విషయంలో ముఖ్యమైనది ఏమిటి?

అమ్మే మనిషికి అమ్మే హక్కు ఉందా అన్నది. రిజిస్ట్రేషన్ అయ్యిందంటే హక్కు తేలిపోయిందని చాలామంది నమ్ముతారు. కొన్ని దేశాల్లో అది నిజం. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ తెచ్చిన పద్ధతిని అనుసరించే చోట్ల ప్రభుత్వ పుస్తకంలోని పేరే హక్కుకు హామీ. మిగతా చోట్ల రిజిస్ట్రేషన్ అంటే ఫలానా దస్తావేజు ఫలానా రోజున నమోదైందని మాత్రమే. అమ్మినవాడికి అసలు హక్కు ఉందో లేదో అది చెప్పదు. అక్కడ వెనుకటి దస్తావేజుల గొలుసు తెగకుండా ఉందో చూడాలి. మీ దగ్గర ఏ పద్ధతి ఉందో మీ న్యాయవాదిని మొదటి రోజే అడగండి.

తాకట్టు, కోర్టు వివాదం, కట్టని పన్ను, వాటాదారుల సంతకాలు, ఆమోదించిన నక్షాకు నిజంగా కట్టినదానికి తేడా, ఇవన్నీ న్యాయవాది చూడాల్సినవి. హద్దులు మాత్రం సర్వేయరుతో మీరే దగ్గరుండి కొలిపించుకోండి. పత్రాలు చూసేదాకా ఒక్క పైసా ఇవ్వకండి. ఇంకొకరు కొనేస్తున్నారని తొందరపెడితే కొననివ్వండి.

నివాసుల సంఘం ఉన్న చోట ఏం చూడాలి?

నెల చందా ఎంత అని అందరూ అడుగుతారు. సంఘం ఖాతాలో పెద్ద మరమ్మతుల కోసం ఎంత నిల్వ ఉందో కూడా అడగండి. చందా తక్కువ, నిల్వ శూన్యం అయితే, లిఫ్టు మార్చాల్సిన రోజున ఆ భారమంతా ఒక్కసారిగా మీ మీద పడుతుంది. గత రెండేళ్ల సమావేశాల నమోదు పుస్తకం చూపించమనండి. నీళ్ల గొడవలు, వాహనాల చోటు గొడవలు, చందా ఎగవేతలు అన్నీ అందులో దొరుకుతాయి.

పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న ఇల్లు. ప్రత్యేకంగా ఏం ఆలోచించాలి?

అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుందో కనుక్కోండి. గుండె ఆగిపోయినప్పుడు ఛాతీ నొక్కడం, విద్యుత్ షాక్ వంటి సాయం అందకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. కొత్త శివార్లలో ఇంటి నంబర్లు వరుసలో లేక వాహనం వీధుల్లో తిరుగుతూ ఉండిపోవడం జరిగేదే. గేటు మీద నంబరు రాత్రి కూడా కనిపించేలా పెట్టండి, మీ ఇంటికి దారి రెండు వాక్యాల్లో చెప్పడం పిల్లలకు నేర్పండి. కింది అంతస్తులో ఒక పడకగది, మెట్లు లేకుండా వెళ్లగలిగే స్నానాల గది ఉంటే ఆ ఇంట్లో పెద్దవాళ్లు నిశ్చింతగా ఉంటారు. బడి విషయంలో పేరు కన్నా దారి చూడండి. పదేళ్ల పిల్లవాడు ఆ రోడ్డు దాటగలడా?

ఇరుగుపొరుగు ఎలాంటివారో ముందే తెలుస్తుందా?

కొంత తెలుస్తుంది. సాయంత్రం ఆరు గంటలకు వీధిలో నడవండి. పిల్లలు ఆడుకుంటున్నారా, పెద్దవాళ్లు ఒంటరిగా నడుస్తున్నారా, వీధి దీపాలు వెలుగుతున్నాయా? పక్కింటి తలుపు తట్టి, ఈ ఇల్లు చూస్తున్నామని చెప్పండి. రెండు నిమిషాలు మాట్లాడినా చాలు. నేను అలా తట్టిన తలుపుల్లో ఒకటి తెరిచిన పెద్దావిడ, అడగకుండానే మా ఇంటి నీళ్ల ట్యాంకు ఎక్కడ కారుతుందో చెప్పింది.

బేరం ఎలా ఆడాలి?

అదే పేటలో ఇటీవల నిజంగా అమ్ముడైన ధరలు తెలుసుకోండి. అడిగే ధరలు వేరు, అమ్ముడైన ధరలు వేరు. తనిఖీలో తేలిన లోపాలకు మరమ్మతు అంచనా రాయించి, ఆ కాగితం ముందు పెట్టి మాట్లాడండి. ఇల్లు ఎంత నచ్చిందో అమ్మేవారి ఎదుట చెప్పుకోకండి. మీరు దాటకూడని ధరను బయలుదేరే ముందు ఇంట్లోనే రాసుకోండి.

తాళాలు చేతికొచ్చిన రోజు మొదట ఏం చేయాలి?

తాళాలు మార్చండి, పాత తాళం చెవులు ఎందరి దగ్గరున్నాయో ఎవరికీ తెలియదు. కరెంటు, నీళ్లు, గ్యాస్ మీటర్ల అంకెలను తేదీతో సహా ఫోటో తీసుకోండి. ఇంటికి వచ్చే నీటిని పూర్తిగా ఆపే వాల్వు ఎక్కడుందో, కరెంటు మెయిన్ స్విచ్ ఎక్కడుందో వెతికి ఇంట్లో అందరికీ చూపించండి. వాల్వును ఒకసారి తిప్పి చూడండి. ఏళ్ల తరబడి కదలనిది బిగుసుకుపోయి ఉంటుంది. మా ఇంట్లో అలాగే బిగుసుకుపోయింది. ప్లంబరు రెండు గంటలు కష్టపడి దాన్ని విప్పి కొత్తది బిగించాడు. మూడు నెలలకు అర్ధరాత్రి వంటగది గొట్టం పగిలింది. మా పెద్దపాప చీకట్లోనే వెళ్లి ఆ వాల్వు కట్టేసి వచ్చింది.